దస్తీ

ఏడు కిలోల ఇస్త్రీపెట్టె కాదు,
పెండ్లివారి పట్టుచీరల మూట కాదు,
కిందవడ్డ దస్తీ.
అంతే.
మంగళారం పొద్దున, బొగ్గులింకా రాజుకోకముందే
నీలిగళ్ళ దస్తీ కోసం ఒంగిన.
నడుములోపట ఎవరో గడియ వెట్టిండ్రు.

ఒంగినదాన్ని ఒంగినట్టే ఉన్న.
మోతీనగర్ రోడ్డంత చెప్పులే కనవడ్డయి.
పాలపాకెట్ల పిలగాని తెగిన స్లిప్పరు,
బడికి ఉరికే నల్లబూట్లు,
"ఏం పోయిందక్కా, ఎతుకుతున్నవా?" అనుకుంట
ఆగిన ఒక ఆటో చక్రం.

ఆ దినం సంది అందరు వైద్యులే.
బొండాల బాలమణి ఆవాలనూనె కాచి తెచ్చింది.
వాచ్‌మన్ పెండ్లాం
బల్లచెక్క మీద పండు, వారం దాక లేవకన్నది.
మా బుగ్గయ్య ఏం అనలేదు.
బొగ్గుసంచి తనే మోసిండు,
రెండు కాలర్లు కాల్చిండు.
మా అత్త మాత్రం,
"ఎదురుకాళ్ళతోటి పుట్టినోళ్ళతోని
మూడుమాట్ల తన్నించుకో, పోతది."

ఎతికితే దొరికింది
నూటనాలుగు ఫ్లాటు సునయన మేడం.
బ్యాంకుల పెద్ద నౌకరి.
తొమ్మిదేండ్ల సంది ఆమె చీరల మడతలు నాకెరికే,
ఆమె పాదం ఎరుక లేదు.
"నేనా? నిన్నా? కాలితోనా?"
"తన్నుండ్రి మేడం, పుణ్యముంటది."

లిఫ్టు పక్కపొంటి గోడవట్టుకొని నేను.
చెప్పులిడిసి ఆమె.
పెట్టె కాలిందో లేదో చూసే తీరుగ
బొటనవేలు ఆనిచ్చి తీసింది.
మూడుమాట్ల.
కాలు తగిలిన కాడ చెయ్యి ముట్టిచ్చి
కండ్లకద్దుకున్నది.
నొప్పి పోలే.
నవ్వొచ్చింది, నవ్వితే ఇంకింత గుంజింది.

తెల్లారి ఆమెనే ఆటో మాట్లాడింది,
బస్తీ దవాఖానకు.
నుస్రత్ డాక్టరమ్మ, సన్నటి మనిషి.
కాళ్ళు మొద్దువారుతున్నయా?
కూసునే జాగల తిమ్మిరెక్కిందా?
ఒంటికి పోవుడు బందయిందా?
జరమా? ఊకెనే బక్కగైనవా? యాడన్న పడ్డవా?
ఇస్త్రీకి ముందు నేను చొక్కాజేబులు తడిమినట్టే
ఒక్కొక్కటి తడిమింది.
ఏ జేబుల ఏం లేదు.

"ఫోటో అక్కర లేదు.
కొత్తగ పట్టిన నడుము, శానామందికి
కొన్ని వారాలల్ల తనంతల తనే వదుల్తది.
మంచమెక్కకు. ఓర్చుకున్నంత నడువు.
వేడి కాపడం పెట్టుకో.
నేనడిగిండ్లల్ల ఏ ఒక్కటి కనవడ్డా
నడిజాము రాత్రైనా పెద్దదవాఖానకు ఉరుకు."

వేడి కాపడమంట!
ఇరవయ్యేండ్లు
ఈ గల్లీల బట్టలన్నిటికి వేడి వెట్టిన,
నా ఒంటికి ఒక్కపారి వెట్టుకోలే.

కరెంటు స్తంభాలు లెక్కవెట్టుకుంట నడిచిన.
తొలినాడు రెండు.
నాలుగోనాడు ఐదు.
ఎనిమిదోనాడు మళ్ళ మూడే,
మూడోదానికి ఒరిగి ఏడ్చిన, ఎవరు చూడకుండ.
పన్నెండోనాడు లెక్క మర్చిపోయిన.
తల ఎత్తితే బోరబండ స్టేషను,
రైలు పోతున్నది, లోపట అందరు నిలవడే ఉన్నరు,
వాళ్ళల్ల ఎందరి నడుములకు గడియలున్నయో.

నేనొచ్చేసరికి బుగ్గయ్య
బండి కాళ్ళ కింద ఇటుకలు వెట్టిండు.
బండి నాకంటె జానెడు పొట్టిదని
ఇన్నేండ్లు ఇద్దరం చూడలేదు.
నొప్పి పూర్తిగ పోయిందని చెప్ప.
పొద్దుగాల లేస్తుంటె గొణుగుతది,
రెండు బిందెలు ఒక్కసారి లేపితె మొఖం మాడ్చుకుంటది.
ఒక్క బిందె ఎత్తుత, కడుపుకు దగ్గరగ వట్టుకొని.

ఆ దస్తీ ఎవరిదో, ఎవరు అడగలే.
నిన్న గాలికి మళ్ళ పడ్డది.
జరసేపు నిలవడి చూసిన దానిదిక్కు.
మోకాళ్ళు ఒంచి, పసిపిల్ల ముంగట కూసున్నట్టు
కిందికి దిగి, తీసిన.
నడుము "ఊఁ" అన్నది.
గడియ వడలే.
దుమ్ము దులిపి, నాలుగు మడతలేసి
బొడ్ల చెక్కుకున్న.